పైడితల్లి: ఒక ఆడపిల్ల పేరు కథ

పైడితల్లి అన్న పేరులోని రెండు మాటలూ అచ్చతెలుగువే. పైడి అంటే బంగారం, తల్లి అంటే అమ్మ. పాత పుస్తకాల్లో పైడిని అరసున్నతో పైఁడి అని రాసేవారు. దానికి తోబుట్టువు పసిఁడి; ఇంకా పాత రూపం పసిండి. నడిమి సకారం యకారంగా మెత్తబడితే పయిఁడి అయింది, పయిఁడి కుదించుకుని పైఁడిగా నిలిచింది. ఈ మాటలకు మొదలైన ‘పస’ పసుపులో ఉంది, పసరులో ఉంది, పచ్చలోనూ దాని చుట్టరికమే ఉంది. పసుప్పచ్చగా మెరిసేది కాబట్టి పసిడి. తమిళంలో మేలిమి బంగారాన్ని పసుంపొన్ అనడం కూడా ఈ కుదురు నుంచి వచ్చినదే.

సంస్కృత భృంగారం నుంచి పుట్టిన బంగారం అన్న మాట వాడుకలో బలపడేకొద్దీ పైడి వెనక్కి జరిగింది. నగల దుకాణానికి పైడి కోసం వెళ్లేవారు ఇవాళ లేరు. పద్యంలో, పాటలో, ఇంటిపేర్లలో మాత్రం అది చెక్కుచెదరలేదు. కరీంనగర్‌లో పుట్టి హిందీ సినిమాల్లో రాణించి 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న పైడి జైరాజ్ ఇంటిపేరు అదే. దేశమంతా బడిపిల్లలు చెప్పే ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు నల్లగొండ జిల్లా మనిషి. కాబట్టి పైడి అన్న మాట తెలుగు నేలంతటిదీ. పైడితల్లి అన్న పేరు అలా కాదు. అది విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలది. కృష్ణా జిల్లాలోనో అనంతపురంలోనో ఒక మనిషి పేరు పైడితల్లి అని వినబడితే, ఆ ఇంటివారి మూలాలు ఉత్తరాంధ్రవని అడగకుండానే చెప్పవచ్చు.

ఇప్పుడే పుట్టిన బిడ్డకు తల్లి అని పేరు పెట్టడం బయటివారికి వింతగా తోస్తుంది. తెలుగు ఇంట్లో అది వింత కాదు. తండ్రి కూతుర్ని ‘అమ్మా’ అని పిలుస్తాడు, తాత మనవరాల్ని ‘తల్లీ’ అంటాడు. ముద్దు ఎక్కువైనప్పుడు ‘నా బంగారు తల్లి’ అంటారు. ఈ ముద్దుమాటలో బంగారు తీసి పైడి పెడితే పైడితల్లి. అంటే ఒకే పేరు ఒకవైపు గ్రామదేవతను పిలిచే పిలుపు, మరోవైపు ఒళ్లోని పసికందును పిలిచే పిలుపు. ఇంతకాలం ఈ పేరు నిలవడానికి ఈ రెండంచుల తీపే అసలు కారణమనిపిస్తుంది.

ఈ పేరుకు మూలం కూడా ఒక ఆడపిల్లే. విజయనగరంలో చెప్పుకునే కథ ప్రకారం పైడితల్లి, ఇంకో పలుకులో పైడిమాంబ, పూసపాటి విజయరామరాజు చెల్లెలు. చిన్ననాటి నుంచి అమ్మవారి భక్తురాలు. విజయనగరానికీ బొబ్బిలికీ పగ ముదిరి, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో కలిసి విజయరామరాజు బొబ్బిలి కోటను ముట్టడించాడు. 1757 జనవరి 24న కోట పడిపోయింది. కొద్ది రోజుల్లోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలోకి చొరబడి విజయరామరాజును చంపాడు. యుద్ధం వద్దని అన్నను వారించిన చెల్లెలు అప్పటికి మశూచితో మంచం పట్టి ఉందని, అన్నకు కీడు జరగబోతోందని మనసు చెప్పడంతో పతివాడ అప్పలనాయుడిని వెంటబెట్టుకుని బయలుదేరిందని, దారిలోనే అన్న మరణవార్త విని కుప్పకూలిందని చెబుతారు. తాను అమ్మవారిలో కలిసిపోతున్నానని, పెద్దచెరువు పడమటి గట్టున తన విగ్రహం దొరుకుతుందని ఆమె చెప్పిన మాట ప్రకారం జాలరులు చెరువులో వల వేసి విగ్రహాన్ని పైకి తీశారు. అక్కడ కట్టిన గుడే ఇవాళ రైల్వేస్టేషన్ దగ్గరున్న వనంగుడి. ఊరి నడుమ మూడు లాంతర్ల దగ్గర ఉన్నది చదురుగుడి.

బొబ్బిలి యుద్ధం కథ బుర్రకథల్లో, సినిమాల్లో వీరుల కథగా ప్రచారమైంది. పాపారాయుడు, బొబ్బిలి రాజు రంగారావు, రాణి మల్లమ్మ పేర్లు అందులో వినిపిస్తాయి. విజయనగరం వైపున నిలిచిన జ్ఞాపకం వేరు. అక్కడి జనం యుద్ధంలో గెలిచిన రాజును కొలవలేదు, అతన్ని వద్దన్న చెల్లెల్ని కొలిచారు. గెలుపు కన్నా ఆ అమ్మాయి దుఃఖం వారికి దగ్గరగా తోచింది. ఒక పేరు ఊరూరా పాకడానికి ఇంతకన్నా బలమైన పునాది దొరకదు.

పేరును మోసుకెళ్లింది పండగ. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. దాని ముందురోజు సోమవారం రాత్రి తొలేళ్లు. ఆ రాత్రి అమ్మవారి ముందు పూజించిన విత్తనాలను రైతులకు పంచుతారు. రైతు వాటిని ఇంటికి తెచ్చి తన విత్తనాల్లో కలుపుకుంటాడు. మర్నాడు సిరిమాను. సిరి అంటే సంపద, మాను అంటే చెట్టు మొద్దు. 50 నుంచి 60 అడుగుల పొడవున్న చింతమాను కొసన పీట కట్టి, దాని మీద పూజారి కూర్చుంటాడు. ఏ ఊళ్లో ఏ చింతచెట్టును తేవాలో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. చెట్టు ఉన్న రైతు దాన్ని అమ్మవారు అడిగిన కానుకగా ఇచ్చేస్తాడు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు ముందు సాగుతాయి. ఆనాడు విగ్రహాన్ని తీసిన జాలరుల గుర్తుగా వల కూడా నడుస్తుంది. సిరిమాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తుంది. కింద నిలిచిన జనం పైకి అరటిపళ్లు విసురుతారు. ఆ సమయానికి సంకలో బిడ్డతో నిలబడిన తల్లి మొక్కుకునే మొక్కుల్లో పేరు మొక్కు ఒకటి: ‘ఈ గుంటను నిలబెట్టు తల్లీ, నీ పేరే పెట్టుకుంటాను.’ గుంట అంటే ఆ ప్రాంతపు పలుకులో పసిబిడ్డ.

శృంగవరపుకోట ఈ పండగకు అలవాటైన ఊళ్లలో ఒకటి. అనంతగిరి కొండల పాదంలో, విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో ఉన్న ఈ పట్టణాన్ని అందరూ ఎస్.కోట అంటారు. శృంగవరం, దానికి విభక్తి చేరితే శృంగవరపు, ఆపై కోట. పక్కనున్న లక్కవరపుకోట పేరు కట్టడమూ ఇలాగే. తాలూకాలో చాలా గ్రామాలు జమీందారీల రోజుల్లో విజయనగరం సంస్థానం కింద ఉండేవి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకా విశాఖపట్నం జిల్లాలో ఉన్నా, జనం మొక్కుల దారి మాత్రం రెండు వైపులకూ సాగింది. ఒకటి విజయనగరం పైడితల్లి వైపు, రెండోది సింహాచలం అప్పన్న వైపు. ఈ ప్రాంతపు పాత పేర్ల పట్టిక చూస్తే ఈ రెండు దారులూ అందులో స్పష్టంగా కనిపిస్తాయి. ఒక వరుస పైడితో, ఇంకో వరుస అప్పలతో మొదలవుతుంది.

పైడి వరుస పెద్దదే. ఆడవారిలో పైడితల్లి, పైడమ్మ. మగవారిలో పైడిరాజు, పైడయ్య, పైడన్న, పైడినాయుడు. పైడితల్లి అన్న పేరు మగవారికీ ఉండడం ఉత్తరాంధ్ర ప్రత్యేకత. బొబ్బిలి నుంచి 1996, 1998, 2004 ఎన్నికల్లో లోక్‌సభకు గెలిచిన నాయకుడు కొండపల్లి పైడితల్లినాయుడు. పేరులో తల్లి ఉన్నందుకు ఆ ప్రాంతంలో ఎవరూ వింతగా చూడరు. పేరు పెట్టింది బిడ్డ ఆడో మగో చూసి కాదు, మొక్కు చూసి. సింహాచలం అన్న పేరు కూడా అంతే, అన్నకూ ఉంటుంది, చెల్లికీ ఉంటుంది. విజయనగరం చిత్రకారుడు, శిల్పి అంట్యాకుల పైడిరాజు పేరు కళాలోకానికి సుపరిచితం.

చుట్టూ ఉన్న మిగతా అమ్మవార్లు కూడా తమ పేర్లను ఇలాగే పంచారు. అనకాపల్లి నూకాలమ్మ పేరు నూకాలు, నూకరాజు, నూకరత్నం అయింది. శంబర పోలమాంబ పేరు పోలమ్మ అయింది. అసిరితల్లి నుంచి అసిరమ్మ, అసిరినాయుడు. మరిడమ్మ నుంచి మరిడయ్య. విశాఖ బురుజుపేటలోని కనకమహాలక్ష్మి పేరు కనకమ్మ, కనకం అయింది. కనకమూ బంగారమే, ఒకే ప్రాంతంలో ఇద్దరు బంగారు అమ్మవార్లు, ఒకరి పేరు తెలుగులో, ఒకరిది సంస్కృతంలో. రాజాం దగ్గర పోలిపల్లిలో మరో పైడితల్లి గుడి ఉంది.

దేవుడి పేర్లు ఊరి జనానికే పరిమితం కాలేదు. విజయనగరం రాజు ఆనందగజపతి చెల్లెలు, గురజాడ అప్పారావు ఎవరి దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశారో ఆ రీవా మహారాణి పేరు అప్పలకొండయాంబ. సింహాచలం కొండ పేరుకు చివర గౌరవంగా అంబ చేరింది. కోటలో అప్పలకొండయాంబ అయిన పేరే పల్లెలో అప్పలకొండ. ఇక గురజాడ కన్యాశుల్కంలో ఆడవారి పేర్లు బుచ్చమ్మ, సుబ్బి, మీనాక్షి, మధురవాణి. అగ్రహారపు ఇళ్లలోనో వేశ్య మేడలోనో పైడమ్మ వినబడదు. పైడితల్లి పేరు ప్రధానంగా పొలం పనివారిది, చేతిపనివారిది, చెరువులో వల వేసేవారిది. అందుకే పుస్తకాల్లోకి అది ఎక్కువగా ఎక్కలేదు. దాని చరిత్ర కాగితం మీద కన్నా పిలుపులో ఎక్కువ.

కూలికి సముద్రం దాటినవారు కూడా ఈ పేర్లను మూటగట్టుకుపోయారు. 1860 నవంబరులో మొదటి ఓడ దర్బన్ చేరిన తర్వాత, విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువారు ఎందరో చెరకు తోటల ఒప్పందాల మీద దక్షిణాఫ్రికా వెళ్లారు. అక్కడి దొరల దస్తావేజుల్లో ఒక తరం మనిషి సొంత పేరు తర్వాతి తరానికి ఇంటిపేరు అయిపోయింది. అప్పలరాజు, అప్పలసామి ఇవాళ అక్కడ ఇంటిపేర్లు.

పైడితల్లి పేరు వెనుక భయం కూడా ఉంది. కథలో ఆ అమ్మాయికి సోకిన జబ్బు మశూచి. తెలుగువారు ఆ జబ్బును పేరు పెట్టి పిలిచేవారు కాదు. ‘అమ్మవారు పోసింది’ అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, బిడ్డను వేపాకుల మీద పడుకోబెట్టేవారు, తగ్గాక పసుపు, వేపాకు కలిపిన నీళ్లతో స్నానం చేయించేవారు. పసుపులో ఉన్న పసే పైడిలోనూ ఉందన్నది గుర్తు చేసుకుంటే, అమ్మవారి రంగూ పేరూ ఒకచోట కలుస్తాయి. పుట్టిన బిడ్డల్లో కొందరు నిలవని రోజుల్లో, నిలిచిన బిడ్డ అమ్మవారి సొత్తు. ఆ బిడ్డకు ఆ పేరు పెట్టడం రుణం తీర్చుకోవడం. ఇదే భయం నుంచి పుట్టిన పేర్లు ఇంకా ఉన్నాయి. వరుసగా బిడ్డలు పోయిన తల్లి, కొత్తగా పుట్టిన బిడ్డను పెంట మీద పెట్టి తీసుకుంటే పెంటమ్మ, పెంటయ్య. చేటెడు తవుడిచ్చి కొన్నట్టు నటిస్తే తౌడమ్మ, తౌడు. బిడ్డకు విలువ లేదని మృత్యువును నమ్మించడం ఈ పేర్ల ఎత్తుగడ. పైడితల్లి పేరు దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. ఈ బిడ్డ బంగారం, దీనికి కాపలా అమ్మవారు అని బాహాటంగా చాటింది.

పేరు పెట్టే వేడుకలో ఆ బంగారం కళ్లముందే ఉంటుంది. బాలసార నాడు పళ్లెంలో బియ్యం పరుస్తారు. తండ్రి వేలి ఉంగరం తీసి, దాని అంచుతో బియ్యంలో అక్షరాలు రాస్తాడు. ఉంగరం లేకపోతే ఎవరిదైనా అడిగి తెస్తారు కానీ, ఉత్త వేలితో రాయరు. పై అని రాసి, డి రాసి, తల్లి అన్న చోటికి వచ్చేసరికి పళ్లెం అంచు తగులుతుంది. ఒత్తు ఇమడక బియ్యం జారి చెరిగిపోతుంది. రాత చెరిగినా పేరు చెరగదు కాబట్టి ముత్తయిదువ ఒకరు బిడ్డ చెవిలో మూడుసార్లు పలుకుతుంది. జాతకం ప్రకారం పేరు పెట్టే ఇళ్లలో నక్షత్రపాదాన్ని బట్టి అక్షరం వస్తుంది. ఉత్తర నక్షత్రపు మూడు, నాలుగు పాదాలకు పా, పీ. చిత్త మొదటి రెండు పాదాలకు పే, పో. పై అన్న అక్షరం ఆ వరుసలో లేదు. పైడితల్లి పేరు పంచాంగంలోంచి రాలేదు, మొక్కులోంచే వచ్చింది.

ఇప్పుడు ఈ పేరు పసిపిల్లల్లో అరుదైపోయింది. ఎస్.కోట పరిసర గ్రామాల్లో అరవై దాటిన ఆడవారిలో పైడమ్మలు కనిపిస్తారు. అంగన్‌వాడీ కేంద్రంలో కూర్చున్న పిల్లల్లో ఆ పేరు వెతికి పట్టుకోవాలి. ఒక్క తరంలో ఇంత మార్పు రావడానికి కారణాలు చాలా ఉన్నా, మొదటిది మంచి కారణమే. మశూచి పోయింది. దేశంలో చివరి కేసు 1975 మేలో నమోదైంది, 1977లో భారతదేశం మశూచి లేని దేశమని ధ్రువీకరించారు, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు భూమి మీద లేదని ప్రకటించింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరిగి పుట్టిన బిడ్డ బతకడం మామూలు సంగతి అయ్యాక, బతికించమని మొక్కే మొక్కు తగ్గింది. మొక్కు తగ్గితే మొక్కు పేరూ తగ్గింది. దీన్ని నష్టంగా లెక్కవేయలేం.

రెండో కారణం అంత మంచిది కాదు. బడిలో చేర్చేటప్పుడు ఊరి పేరు తీసేసి నాగరికమైన పేరు రాయించడం 1970ల తర్వాత బాగా పెరిగింది. సినిమా కథానాయికల పేర్లు, నవలల్లోని పేర్లు, ఆ తర్వాత టీవీ సీరియళ్ల పేర్లు పల్లెకు చేరాయి. పట్నంలో పెరిగిన తోటి పిల్లలు నవ్వుతారన్న జంకు తల్లిదండ్రులను వెంటాడింది. అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టే ఆచారం కూడా రాజీకి వచ్చింది. పేరును రెండుగా కట్టి, ముందు పైడి, వెనుక ఓ కొత్త మాట పెట్టారు. బడిలో వెనుక మాటే పిలుపుగా స్థిరపడింది, ముందు మాట ధ్రువపత్రాల్లో మిగిలింది.

ధ్రువపత్రాల్లోనూ పైడికి స్థిరమైన రూపం లేకపోయింది. తెలుగులో పైడితల్లిని రాయడానికి ఒకే దారి ఉంది. ఇంగ్లీషులో పి తర్వాత వై పెట్టి రాసేవారున్నారు, ఏ, ఐ పెట్టి రాసేవారున్నారు. తల్లిలో టి తర్వాత హెచ్ పెట్టేవారున్నారు, మానేసేవారున్నారు. రేషన్ కార్డులో ఒక రూపం, పట్టాదారు పాసుపుస్తకంలో ఇంకోటి, ఆధార్‌లో మూడోది. పింఛనుకు వేలిముద్ర వేయడానికి వచ్చిన ముసలామె, తన పేరు తనదే అని నిరూపించుకోవడానికి మండల కార్యాలయం చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆ తిరుగుడు చూసిన కోడలు తన బిడ్డకు సులువైన అక్షరాల పేరు వెతికిందంటే ఆమెను తప్పుపట్టలేం.

విచిత్రమేమిటంటే పేరు పోయినా అర్థం పోలేదు. పైడి పోయిన చోటికి స్వర్ణ వచ్చింది, హేమ వచ్చింది, కాంచన వచ్చింది, ఈ మధ్య హిరణ్య, హిరణ్మయి వచ్చాయి. అన్నిటికీ అర్థం బంగారమే. ఉత్తరాంధ్ర ఇళ్లు బంగారాన్ని కూతుళ్లకు పెట్టుకోవడం మానలేదు; తెలుగు మాట తీసి సంస్కృతపు మాట పెట్టుకున్నాయి. ఈ మార్పిడిలో పోయింది ఊరి గుర్తు. హేమ అన్న అమ్మాయి ఏ ఊరిదైనా కావచ్చు, పైడితల్లి అన్న అమ్మాయిది ఏ ప్రాంతమో పేరే చెప్పేది. 2013లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆడపిల్లల పుట్టుకను, చదువును ప్రోత్సహించే పథకానికి చట్టం చేసినప్పుడు దానికి పెట్టిన పేరు ‘బంగారు తల్లి’. విజయనగరం పల్లెలు 250 ఏళ్లుగా ఆడపిల్లలకు పెట్టుకుంటున్న పేరే, వేరే మాటల్లో.

ఎస్.కోట వైపు ఇళ్లలో ఇప్పటి పెళ్లి శుభలేఖను చేతిలోకి తీసుకుంటే ఈ పేరు కథ దాదాపు మొత్తం ఒక కాగితం మీద కనిపిస్తుంది. అడుగున పెద్దల వరుసలో నాయనమ్మ పేరు పైడమ్మ. నడుమ తల్లిదండ్రుల చోట లక్ష్మో, పద్మో. వధువు పేరు పెద్ద అక్షరాల్లో, పట్నం పేరు. అన్నిటికన్నా పైన, పసుపు రాసిన అంచు దగ్గర, చిన్న అక్షరాల్లో ఇలవేల్పు పంక్తి: శ్రీ పైడితల్లి అమ్మవారి ఆశీస్సులతో.